చేతితో పట్టే గాలి పనిముట్లకు కస్టమ్స్‌లో ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: తాడిపత్రిలో మాకు నల్ల బండల పాలిష్ యూనిట్ ఉంది. దానికి ఆనుకునే, గనుల్లో వాడే జాక్‌హ్యామర్లను బాగుచేసే షెడ్డు కూడా నడుపుతున్నాము. ఇప్పుడు మొదటిసారిగా విదేశం నుంచి కంప్రెసర్ గాలితో నడిచే చేతి పాలిష్ మిషన్లు, చిప్పింగ్ హ్యామర్లు, కాలు బిగించే జాక్‌హ్యామర్లు, డ్రిల్ రాడ్లు, హోస్ పైపులు తెప్పించుకోవాలనుకుంటున్నాము. అమ్మేవాళ్లు ముందుగా పంపిన ఇన్వాయిస్‌లో అన్నింటికీ కలిపి ‘రాతి యంత్రాలు, 8464’ అని రాశారు. మాకు తెలిసినవారు ఒకరు జాక్‌హ్యామర్లకు 8430 వేశామన్నారు. మేము బాగుచేసిన హ్యామర్లను కెన్యాలోని ఒక వ్యాపారికి పంపే ఆలోచన కూడా ఉంది. వాటిని విప్పి పంపితే విడిభాగాలుగా చూపవచ్చునా? ఏ కోడ్ సరైనదో తెలియజేయగలరు.

సమాధానం: అమ్మేవాళ్లు రాసిన 8464 మీ సరుకుకు వర్తించదు. మీకు తెలిసినవారు వేసిన 8430 కూడా సరైనది కాదు. మీరు పేర్కొన్న పాలిష్ మిషన్లు, చిప్పింగ్ హ్యామర్లు, జాక్‌హ్యామర్లు మూడూ 8467 శీర్షిక (కోడ్‌లోని మొదటి నాలుగంకెలను శీర్షిక అంటారు) కిందికే వస్తాయి. డ్రిల్ రాడ్లు, హోస్ పైపులు మాత్రం అక్కడికి రావు, వాటికి వేరే శీర్షికలు ఉన్నాయి. ఇలా చెప్పి ఊరుకుంటే మీకు పూర్తి ప్రయోజనం ఉండదు. రేపు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి ప్రకటన పత్రం, మీ పేరుతో దాఖలవుతుంది, అధికారి అడిగినప్పుడు కారణం చెప్పవలసినది మీరే. అందుకని ఆ కారణాలను కొంచెం విడమరచి రాస్తున్నాను.

మన దేశంలో వర్గీకరణ 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని మొదటి షెడ్యూలు ప్రకారం జరుగుతుంది. అందులోని ఎనిమిది అంకెలలో మొదటి ఆరు, ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించి 1988 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన హార్మొనైజ్డ్ సిస్టమ్ నుంచి వచ్చినవి కాబట్టి, అవి చెన్నైలోనూ, చైనాలోనూ, కెన్యాలోనూ ఒకటే. ఆ తర్వాతి అంకెలు మాత్రం ఒక్కో దేశం తన అవసరం కొద్దీ విడగొట్టుకున్నవి. కాబట్టి అమ్మేవాళ్లు ఇచ్చిన కోడ్‌లో మొదటి ఆరంకెలను సరిచూసుకోవాలి, చివరి అంకెలను మన టారిఫ్‌లోనే వెతుక్కోవాలి. ఆ టారిఫ్‌ను చదవడానికి ఇచ్చిన సాధారణ వ్యాఖ్యాన నియమాలలో మొదటిది, సెక్షన్ల పేర్లు, అధ్యాయాల పేర్లు సౌలభ్యం కోసమేనని, వర్గీకరణను నిర్ణయించేది శీర్షికలోని మాటలు, సెక్షన్ నోట్స్, అధ్యాయం నోట్స్ మాత్రమేనని చెబుతుంది. పేరు చూసి కోడ్ వేసేవారు దాటిపోయేది ఈ నియమాన్నే.

8464 శీర్షిక రాయి, సిరామిక్, కాంక్రీటు వంటి వాటి మీద పనిచేసే మెషిన్ టూల్స్‌కు ఉద్దేశించినది. మీ యూనిట్‌లో నేలకు బిగించి, పలకను బల్ల మీద పరిచి అంచులు నూరే పెద్ద మిషన్ ఉంటే అది ఆ శీర్షికకే చెందుతుంది. కానీ పనివాడు రెండు చేతులతో పట్టుకుని, గొట్టం వెనక వేలాడుతుండగా, పలక మూలల్లో తిప్పే చిన్న పాలిష్ మిషన్ రాయి మీదే పనిచేసినా ఆ శీర్షికలోకి రాదు. ఎందుకంటే చేతితో పట్టి పనిచేసే, గాలితోగాని హైడ్రాలిక్ ఒత్తిడితోగాని తమలోనే ఉన్న మోటారుతోగాని నడిచే పనిముట్లకు 8467 అనే ప్రత్యేక శీర్షికే ఉంది. అది ఏ పదార్థం మీద పనిచేస్తుందన్నది ఆ శీర్షికకు సంబంధం లేని విషయం. ఇనుమును నూరినా, కడప బండను నూరినా, కర్రను నూరినా, చేతి గ్రైండర్ చేతి గ్రైండరే.

ఈ ఒక్క తేడా తెలియక నేను స్వయంగా ఒక సరుకును ఇరికించాను. చెన్నైలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేసిన తొలి సంవత్సరాల్లో, అనంతపురం వైపు బండల వ్యాపారి ఒకరు తెప్పించిన పెట్టెలకు, ఇన్వాయిస్‌లో ‘రాతి పాలిష్ యంత్రాలు’ అని ఉన్నందున కేటలాగు తెరవకుండానే 8464 వేసి పంపాను. పెట్టె విప్పిన అధికారి ఒక పనిముట్టును ఒంటి చేత్తో పైకెత్తి, ‘దీన్ని ఏ నేలకు బిగిస్తారు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పత్రాలు సరిచేసి సరుకు బయటకు తెచ్చేలోపు ఆ వ్యాపారి పోర్టుకు కట్టిన డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, గుర్తొస్తే ఈనాటికీ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ తప్పు ఆయనది కాదు, నాది. ఆనాటి నుంచి పనిముట్టు బొమ్మ చూడకుండా నేను ఏ కోడ్ చెప్పలేదు. మీరు పంపిన కేటలాగు పుటలు చూసిన తర్వాతే ఇదంతా రాస్తున్నాను.

ఇక జాక్‌హ్యామర్ విషయం. 8430 శీర్షికలో భూమిని, ఖనిజాన్ని తవ్వే, తొలిచే యంత్రాలు ఉన్నందువల్ల గనిలో వాడే హ్యామర్ కూడా అక్కడికే చెందుతుందని అనుకోవడం సహజమే. ఇరవై కిలోలు దాటిన వస్తువు చేతి పనిముట్టు ఎలా అవుతుందన్న సందేహం కూడా ఉంటుంది. దీనికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణాత్మక నోట్స్‌లో సమాధానం ఉంది. చేతిలో పట్టుకుని వాడేవి మాత్రమే కాకుండా, పని జరుగుతుండగానే మనిషి చేతులతో ఎత్తి జరపగలిగినవి, నడుస్తున్నంతసేపూ చేతులతోనే అదుపు చేసి దారి చూపవలసినవి అయిన బరువైన పనిముట్లు కూడా 8467లోకే వస్తాయని అవి చెబుతాయి. బరువు మోసే శ్రమను తగ్గించడానికి ముక్కాలిపీట, జాక్‌లెగ్, పైనుంచి వేలాడదీసే సామగ్రి వంటివి వాడినంత మాత్రాన పనిముట్టు స్వభావం మారదని కూడా వాటిలోనే ఉంది. మీ వాళ్లు ‘కాలు’ అనేది ఆ జాక్‌లెగ్‌నే కాబట్టి, కాలుతో కలిసి వచ్చిన జాక్‌హ్యామర్ కూడా 8467లోనే ఉంటుంది. చక్రాల మీద, పట్టాల మీద నడిచే డ్రిల్ యంత్రమో, ఫ్రేముకు శాశ్వతంగా బిగించిన డ్రిల్లో అయితే 8430 గురించి ఆలోచించాలి. కాళ్లు మాత్రమే విడిగా తెప్పించుకునే పనైతే, వాటి బొమ్మ, కొలతలు మళ్లీ పంపండి, దానిని ప్రత్యేకంగా చూడాలి.

శీర్షిక తేలిన తర్వాత ఉపశీర్షిక, అంటే ఆరంకెల కోడ్, చూడాలి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. గాలి పనిముట్లను 8467 రెండుగా విడగొడుతుంది. తిరిగే రకం, తిరుగుతూ కొట్టే రకంతో సహా, 8467.11 కిందికి వస్తుంది. తక్కినవన్నీ 8467.19 కిందికి వస్తాయి. మీ పాలిష్ మిషన్, గాలి గ్రైండర్, టైర్ల బోల్టులు విప్పే ఇంపాక్ట్ రెంచి తిరిగేవి కాబట్టి 8467.11. చిప్పింగ్ హ్యామర్, కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ కొట్టడమే తప్ప తిప్పవు కాబట్టి 8467.19. పేరులో హ్యామర్ అని ఉంది కదా అని జాక్‌హ్యామర్‌ను కూడా వీటితో కలిపేయకండి.

మీ షెడ్డులోనే దీన్ని పరీక్షించవచ్చు. జాక్‌హ్యామర్‌ను విప్పి బల్ల మీద పెట్టండి. పిస్టన్ లోపల మెలి తిరిగిన గాడులున్న ఇరుసు, అంటే రైఫిల్ బార్ కనిపిస్తుంది, దాని పైతలకాయ దగ్గర రాచెట్టు పళ్లు, వాటిని పట్టే పాళ్లు, అంటే ఇరుసును ఒక వైపే తిరగనిచ్చే చిన్న కొక్కేలు, ఉంటాయి. పిస్టన్ కిందికి దిగి రాడ్డును కొట్టేటప్పుడు ఆ ఇరుసు తేలికగా తిరుగుతుంది. పిస్టన్ పైకి లేచేటప్పుడు పాళ్లు పట్టుకోవడంతో ఇరుసు కదలదు, కాబట్టి పిస్టనే ఆ మెలికల వెంట కొంచెం తిరుగుతుంది, తనతోపాటు ముందున్న చక్‌ను, అందులో కూర్చున్న ఆరు పలకల రాడ్డును తిప్పుతుంది. దెబ్బకు ఇంత చొప్పున రాడ్డు తిరుగుతూ ఉండడం వల్లనే రంధ్రం గుండ్రంగా పడుతుంది. అదే చిప్పింగ్ హ్యామర్‌ను విప్పితే పిస్టన్, సిలిండర్, వాల్వు తప్ప తిప్పే భాగమే ఉండదు. ఈ కారణంగానే జాక్‌హ్యామర్ ‘తిరుగుతూ కొట్టే’ రకమై 8467.11లో, చిప్పింగ్ హ్యామర్ 8467.19లో పడతాయి. రోజూ వీటిని విప్పి బిగించే మీకు ఈ తేడా ఏ బ్రోకర్ కంటే కూడా బాగా తెలుసు, దానిని కాగితం మీద పెట్టడమే మీరు నేర్చుకోవలసినది. 8467.11ను మన టారిఫ్ డ్రిల్లులు, హ్యామర్లు, ఇతరాలు అని మళ్లీ విడగొట్టింది కాబట్టి చివరి రెండంకెలను ఆ వరుసల్లో చూసి వేయించండి.

అదే శీర్షికలో కరెంటు మోటారు లోపలే ఉన్న చేతి డ్రిల్లుకు 8467.21, రంపానికి 8467.22, గ్రైండరు వంటి వాటికి 8467.29 ఉన్నాయి. ఒకే ఇన్వాయిస్‌లో గాలి గ్రైండరు, కరెంటు గ్రైండరు రెండూ ఉంటే వరుసలు వేరుగా రాయించాలి.

డ్రిల్ రాడ్లు, బిట్లు పనిముట్టులో భాగాలుగా కనిపించినా, టారిఫ్ వాటిని భాగాలుగా చూడదు. యంత్రాల సెక్షన్ అయిన పదహారో సెక్షన్ మొదటి నోటు, మార్చి మార్చి వాడే 8207 పనిముట్లను ఆ సెక్షన్ నుంచి తప్పించింది. రాతిని తొలిచే రాడ్డు కొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ వంటి సర్మెట్ (లోహంతో కలిపి గట్టిపరచిన) పదార్థం ఉంటే 8207.13, మామూలు ఉక్కు కొన అయితే 8207.19. నూరే చక్రాలు 6804, గుడ్డ లేదా కాగితం మీద రాపిడి పొడి అంటించినవి 6805. రబ్బరు హోస్ పైపు 4009, ప్లాస్టిక్‌ది 3917. ఇనుప కప్లింగులు 7307. కంప్రెసర్ ఎన్ని పనిముట్లతో కలిసి వచ్చినా 8414లోనే ఉంటుంది, చక్రాల బండి మీద లాగేదైతే 8414.40. రంగు చల్లే గన్ను చేతితో పట్టేదే, గాలితో నడిచేదే అయినా దానికి 8424.20 అనే సొంత చోటు ఉంది కాబట్టి 8467లో వేయకూడదు.

మీ షెడ్డుకు కావలసిన విడిభాగాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పిస్టన్, రైఫిల్ బార్, పాళ్లు వంటివి ఈ పనిముట్లకు తప్ప వేరొకదానికి పనికిరానివి కాబట్టి గాలి పనిముట్ల భాగాలుగా 8467.92లో పెట్టాలి. అదే డబ్బాలో వచ్చే బోల్టులు 7318, స్ప్రింగులు 7320, బాల్ బేరింగులు 8482, రబ్బరు ఓ-రింగులు 4016.93. ‘రిపేరు కిట్టు’ అని ఒక్క మాట రాసి మొత్తాన్ని ఒకే కోడ్‌లో వేయడం ఆనవాయితీగా సాగుతోందిగాని, విడివిడిగా వందలకొద్దీ వచ్చే సరుకుకు అది నిలవదు. ఒక పనిముట్టు, దానికి తగిన కొన్ని సాకెట్లు ఒకే పెట్టెలో చిల్లర అమ్మకానికి సర్ది వస్తే మాత్రం సాధారణ వ్యాఖ్యాన నియమాలలోని 3(బి) ప్రకారం మొత్తం సెట్టుకు ప్రధాన స్వభావాన్నిచ్చే పనిముట్టు కోడే వర్తిస్తుంది.

సుంకం తేడా ఎంతో మీరే లెక్క వేసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. రేట్లు బడ్జెట్లలో, నోటిఫికేషన్లలో మారుతుంటాయి కాబట్టి దాఖలు చేసే రోజున ఉన్న రేటే తీసుకోవాలి. ఉదాహరణకు లక్ష రూపాయల సరుకు మీద మూల సుంకం 7.5 శాతం అనుకుంటే 7,500, దాని మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 750, ఈ మూడూ కలిపిన 1,08,250 మీద 18 శాతం ఐజీఎస్‌టీ 19,485 రూపాయలు అవుతాయి. ఐజీఎస్‌టీ మీకు క్రెడిట్‌గా తిరిగి అందుతుంది, 8,250 మాత్రం ఖర్చుగా మిగిలిపోతుంది. మూల సుంకం 10 శాతమైతే ఆ ఖర్చు 11,000 అవుతుంది. లక్షకు 2,750 రూపాయల తేడా కోసం కోడ్‌ను అటూ ఇటూ జరిపే సలహాలు మీకు తప్పకుండా వస్తాయి. వాటిని వినకండి. 2011 నుంచి, 1962 కస్టమ్స్ చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం, సుంకాన్ని స్వయంగా మదింపు చేసుకునే బాధ్యత దిగుమతిదారుదే. తక్కువ కట్టినట్లు తేలితే సెక్షన్ 28 కింద రెండేళ్ల వరకూ, కావాలని తప్పు చెప్పినట్లు లేదా దాచినట్లు తేలితే ఐదేళ్ల వరకూ వెనక్కి వెళ్లి, ఏడాదికి 15 శాతం వడ్డీతో వసూలు చేస్తారు. భయపడి ఎక్కువ సుంకం ఉన్న కోడ్ వేసుకోవడం కూడా క్షేమం కాదు, ఎందుకంటే అసలు మదింపును అప్పీలులోనో మరొక విధంగానో మార్పించుకోకుండా రీఫండ్ అడగడానికి వీలులేదని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏదైనా వస్తువు మీద నిజమైన సందేహం మిగిలితే, సరుకు తెప్పించకముందే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. దాని కార్యాలయాలు ఢిల్లీలో, ముంబయిలో ఉన్నాయి. రుసుము 10,000 రూపాయలు, మూడు నెలల్లో నిర్ణయం వెలువడాలి, అది చట్టం చెప్పిన గడువు వరకూ మీకూ కస్టమ్స్ వారికీ కట్టుబాటుగా ఉంటుంది. మీ జాబితాలోని ప్రధాన పనిముట్లకు ఆ అవసరం లేదని నా అభిప్రాయం.

ఎగుమతి గురించి అడిగారు. జాక్‌హ్యామర్‌ను విప్పి, అన్ని భాగాలూ పెట్టెలో సర్ది పంపినా అది జాక్‌హ్యామరే. అవే వ్యాఖ్యాన నియమాలలోని 2(ఎ) ప్రకారం, విప్పి ఉంచిన సంపూర్ణ వస్తువు సంపూర్ణ వస్తువు కోడ్‌లోనే పడుతుంది. అసలు స్వభావం వచ్చేసి ఒకటి రెండు భాగాలు లేకపోయినా అంతే. కాబట్టి షిప్పింగ్ బిల్లులో, అంటే ఎగుమతి ప్రకటన పత్రంలో, 8467.92 అని రాయకండి. కెన్యాలో మీ వ్యాపారి కూడా అవే ఆరంకెల మీద తన దేశంలో సుంకం కడతారు, మీ పత్రాలకూ వారి పత్రాలకూ పొంతన లేకపోతే సరుకు అక్కడ ఆగుతుంది. ఎగుమతిదారుకు పన్నులను తిరిగి ఇచ్చే డ్రాబ్యాక్, రోడ్‌టెప్ పథకాల ప్రయోజనాలు కూడా టారిఫ్ అంకెల మీదే ఆధారపడతాయి. అవి కొత్తవి కావనీ, వాడినవాటిని బాగుచేసి పంపుతున్నామనీ వివరణలో స్పష్టంగా రాయండి. దిగుమతికైనా ఎగుమతికైనా కావలసిన ఐఈసీ (దిగుమతి, ఎగుమతిదారు కోడ్) మీ పాన్ నంబరు మీదే వస్తుంది, దాని వివరాలను ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే అది పనిచేయకుండా పోతుంది.

ఇప్పుడు మీరు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. ఇన్వాయిస్‌లో ఒక్కో వస్తువును వేరు వరుసలో రాయమని అమ్మేవాళ్లను అడగండి. ఉదాహరణకు, ‘కంప్రెసర్ గాలితో నడిచే, చేతితో పట్టి వాడే, తిరిగే రకం పాలిష్ పనిముట్టు, బిగించే ఆధారం లేదు, మోడల్ ఫలానా, బరువు ఇంత’ అని ఉండాలి. జాక్‌హ్యామర్ వరుసలో ‘తిరుగుతూ కొట్టే రకం’ అనే మాట తప్పక ఉండాలి, కాలు జతగా వస్తుంటే ‘కాలుతో సహా’ అని రాయించాలి. ప్యాకింగ్ లిస్టులోనూ అవే మాటలు ఉండాలి. వాణిజ్య ఒప్పందం కింద సుంకం రాయితీ అడగబోతున్నట్లయితే మూలదేశ ధ్రువపత్రంలోనూ అదే కోడ్ ఉండాలి, లేకపోతే ఆ రాయితీ మీద ప్రశ్నలు వస్తాయి. మోడల్ వారీగా కేటలాగు పుటలు, ఫొటోలు, వీలైతే లోపలి భాగాల బొమ్మ తెప్పించి మీ బ్రోకర్‌కు ముందే ఇవ్వండి. సరుకు విడుదలైన తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీని సవరించుకోవాలంటే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 ప్రకారం, విడుదలయ్యే నాటికే ఉన్న పత్రాలు మాత్రమే ఆధారంగా పనికివస్తాయి, ఆ తర్వాత తెప్పించిన ఉత్తరాలు చెల్లవు. అందువల్ల 8464 అని ఉన్న ఆ పాత ఇన్వాయిస్‌ను మార్పించుకున్న తర్వాతే వారికి అడ్వాన్సు పంపండి.